సెత్త కాలేజీ చదువులు: పాఠకుల ప్రశ్నలు, నా జవాబులు

పోయిన సంచికలో ఏదో మాటల మధ్య చెన్నైలోని ఎగ్మోర్ మ్యూజియం ప్రస్తావన వచ్చి, "వస్తువుల్ని చూడటం సరే, వాటిని పెట్టిన తీరు కూడా చూడండి" అని ఒక్క వాక్యం రాసి వదిలేశాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా దాని మీదే. అన్నిటికీ చోటు లేదు కాబట్టి ఒకేలాంటివి కలిపేశాను. పాతికేళ్ళకి పైగా మ్యూజియం స్టోర్‌రూముల్లో దుమ్ము పీల్చి రిటైరైనదాన్ని, కొన్నిచోట్ల కాస్త ఎక్కువ మాట్లాడి ఉంటాను, ఓపిక పట్టండి.

ప్రశ్న: బీఎస్సీ కెమిస్ట్రీ ఫైనలియర్ చదువుతున్నాను. మ్యూజియాలజీ అని ఒక పీజీ ఉందని ఈ మధ్యే తెలిసింది. ఇంట్లో చెబితే నాన్న "రాళ్ళకి కాపలా కాయడానికి పీజీ ఎందుకే" అంటున్నారు. అసలు అందులో ఏం చెబుతారు? ఉద్యోగాలొస్తాయా? నిజం చెప్పండి మేడమ్, చాలా టెన్షన్‌గా ఉంది. (ఒక విద్యార్థిని, పెరంబూరు)

మీ నాన్నగారి మాటకి నాకు కోపం రాలేదమ్మా, నవ్వొచ్చింది. ఈ ఊళ్ళో ఆ మాట కొత్తది కాదు. ఒకప్పుడు మద్రాసు జనం మ్యూజియాన్ని "సెత్త కాలేజ్" అనీ, జూని "ఉయిర్ కాలేజ్" అనీ పిలిచేవారు. చచ్చినవాటి కాలేజీ, ప్రాణమున్నవాటి కాలేజీ అని. తమాషా ఏమిటంటే రెండూ ఒక్క ఇంట్లో పుట్టిన పిల్లలే. ఎడ్వర్డ్ బాల్ఫోర్ అనే డాక్టరు చేతుల మీదుగా 1851లో మొదలైన మ్యూజియం 1854లో ఎగ్మోర్‌లో పాంథియన్ రోడ్డుకి మారింది, ఆ మరుసటేడు అదే ఆవరణలో జంతువుల్ని కూడా పెట్టారు, తర్వాత కొన్నేళ్ళకి అవి వేరే చోటుకి వెళ్ళిపోయాయి. పులిని చూద్దామని వచ్చినవాళ్ళు రాళ్ళని కూడా ఒక చూపు చూసి వెళ్ళేవారన్నమాట. జనాన్ని లోపలికి ఎలా రప్పించాలి అనేది మ్యూజియాలజీలో ఒక పాఠం, బాల్ఫోర్‌కి అది డిగ్రీ లేకుండానే తెలుసు.

ఇక చదువు సంగతి. రాయి గురించి చరిత్రవాళ్ళు, ఆర్కియాలజీవాళ్ళు చదువుతారు. మనం చదివేది ఆ రాయి ఇక్కడికెలా వచ్చింది, ఏ రిజిస్టర్లో ఎక్కింది, ఏ గదిలో ఎంత ఎత్తులో ఏ వెలుతుర్లో పెడితే చూసేవాడికి ఏమర్థమవుతుంది, దాని పక్కన ఏది పెడితే కథ మారిపోతుంది, చెమ్మ తగలకుండా ఎలా కాపాడాలి, స్టోర్లో ఉన్న మిగతా వందల వస్తువుల్లో దీన్నే ఎందుకు బయటపెట్టాం అనేది.

ఒక వస్తువు లోపలికి రాగానే మొదట దానికి నంబరు పడుతుంది, యాక్సెషన్ నంబరు అంటాం. వచ్చిన సంవత్సరం, ఆ ఏడాదిలో ఎన్నో దఫా, ఆ దఫాలో ఎన్నో వస్తువు, ఈ మూడూ చుక్కలతో కలిపి రాయడం చాలాచోట్ల పద్ధతి. ఆ నంబరు పోయిందా, వస్తువు ఎదురుగా ఉన్నా లేనట్టే, ఊరూ పేరూ లేనిదైపోతుంది. నేను చేరిన కొత్తలో ఒక మ్యూజియంలో (పేరెందుకులే) కొండపల్లి బొమ్మలున్న పెట్టె అప్పగిస్తే, బుద్ధిగా ఒక్కో బొమ్మ వీపుకీ టేపు ముక్క అంటించి దాని మీద నంబరు రాశాను. ఆర్నెల్ల తర్వాత మా పెద్దాయన చూసి "తియ్యి" అన్నారు. తీస్తే టేపుతోపాటు ఏనుగు అంబారీ మీది ఎర్రరంగు కూడా ఊడొచ్చి, లోపలి పొణికి కర్ర తెల్లగా బయటపడింది. ఆయన తిట్టలేదు. రంగంటుకున్న ఆ టేపు ముక్కని ఒక కవర్లో వేసి నా సొరుగులో పెట్టించారు, రోజూ కనపడేలా. అంతకంటే తిట్టినా బాగుండేది. అసలు పద్ధతేమిటంటే, కనిపించని మూలన పారదర్శకమైన వార్నిష్ సన్నగా ఒక పూత పూసి, దాని మీద సిరాతో నంబరు రాసి, ఆరాక పైన ఇంకో పూత వేస్తారు, కావాలంటే వస్తువుకి దెబ్బ తగలకుండా మొత్తం తుడిచెయ్యచ్చు. ఏది చేసినా వెనక్కి తియ్యగలిగేలా చెయ్యడం ఈ వృత్తిలో ఓనమాలు.

నీ కెమిస్ట్రీ వృథా అవుతుందని మాత్రం అనుకోకు. కంచు విగ్రహాలకి ఒక రోగం వస్తుంది, దాన్ని మేం నిజంగానే కంచు రోగం అనే అంటాం. లోహంలో క్లోరైడ్లు చేరి, గాలిలో తేమ తగిలి, లేతాకుపచ్చ పొడి పొడిగా రాలుతూ విగ్రహాన్ని లోపల్నుంచి తినేస్తుంది. ఇత్తడి చెంబుకి పట్టే కిలుము లాంటిది కాదు ఇది, చింతపండేసి తోమితే పోదు, తోమితే ఉన్న చెక్కడం కూడా పోతుంది. సముద్రం పక్కనున్న మన ఊరికి ఈ బెడద మరీ ఎక్కువ. 1930ల్లో ఎగ్మోర్ మ్యూజియంలో పరమశివన్ అనే రసాయన శాస్త్రవేత్త, పాడైన కంచు విగ్రహాలకి ఎలక్ట్రాలిసిస్‌తో చికిత్స చేశారు. తంజావూరు పెద్ద గుడి చోళుల కాలపు వర్ణచిత్రాల్ని ఎలా వేశారో కూడా పరిశోధించారు. ఆయనా కెమిస్ట్రీవాడే, మీ నాన్నగారికి ఈ సంగతి చెప్పు.

కోర్సులంటావా, బరోడాలోని మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయంలో ఈ శాఖ 1952 నుంచీ ఉంది, కలకత్తా విశ్వవిద్యాలయంలో 1959లో పెట్టారు, బెనారస్‌లోనూ ఉంది. ఢిల్లీ నేషనల్ మ్యూజియంతో కలిసి 1989లో వచ్చిన సంస్థ ఇప్పుడు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్ పేరుతో నోయిడాలో నడుస్తోంది. అక్కడ మ్యూజియాలజీ, కళాచరిత్ర, కన్సర్వేషన్ (వస్తువులు పాడవకుండా కాపాడే చదువు) వేర్వేరు పీజీలు, నేనైతే నిన్ను మూడోదాని వైపు చూడమంటాను. ఈ రంగంలో పరిశోధనకి లక్నోలో కేంద్ర ప్రభుత్వ ల్యాబు ఉంది, దాని శాఖ మైసూరులో ఉంది. అర్హతలూ తేదీలూ ఏ యేటికాయేడు నోటిఫికేషన్లో చూసుకో.

ఉద్యోగాల విషయంలో తియ్యగా చెప్పి నిన్ను మోసం చెయ్యను. ప్రభుత్వ పోస్టులు తక్కువ, ఎప్పుడు పడతాయో దేవుడికే ఎరుక. తమిళనాడులో క్యూరేటర్లని, అంటే మ్యూజియం వస్తువుల బాధ్యత చూసేవాళ్ళని, టీఎన్‌పీఎస్సీ (రాష్ట్ర సర్వీస్ కమిషన్) ద్వారా తీసుకుంటారు, తమిళం రాయడం చదవడం రావాలి, ఇంట్లో తెలుగూ వీధిలో తమిళమూ మాట్లాడే మనలాంటివాళ్ళు అక్కడే తప్పుతారు, మాట్లాడతాం గానీ రాయలేం. ప్రైవేటులో కొంచెం కదలిక వచ్చింది. బెంగళూరులో 2023 ఫిబ్రవరిలో మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫొటోగ్రఫీ తెరిచారు, ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ముట్టుకాడులో దక్షిణచిత్ర అనే పాత ఇళ్ళ మ్యూజియం ఉంది, పెద్ద కంపెనీలు తమ పాత కాగితాల్ని దాచుకోవడానికి ఆర్కైవ్‌లు పెట్టుకుంటున్నాయి. మొదటి మూడు నాలుగేళ్ళు జీతం విషయంలో సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితురాళ్ళతో పోల్చుకోకు, ఏడుపొస్తుంది.

ఫీజు కట్టేముందు ఒక పని చెయ్యి. మీ పెరంబూరు దగ్గర్లోనే ఐసీఎఫ్ (రైలు పెట్టెల ఫ్యాక్టరీ) వాళ్ళ రైలు మ్యూజియం ఉంది కదా, ఒక నోటుపుస్తకం తీసుకుని వెళ్ళి, ఆరుబయట నిలబెట్టిన ఇంజను ఒక్కదాని ముందు గంటసేపు కూర్చో. తుప్పు ఎక్కడ మొదలైంది, వాన నీళ్ళు ఎక్కడ నిలుస్తున్నాయి, పిల్లలు ఎక్కడ పట్టుకుని ఎక్కుతున్నారు, బోర్డు చదివినవాళ్ళెందరు, సెల్ఫీ తీసుకుని కదిలినవాళ్ళెందరు, రాసుకో. గంటయ్యాక ఇంకా కూర్చోవాలనిపిస్తే చేరిపో. విసుగేస్తే నాన్నగారి మాట వినడమే మంచిది.

ప్రశ్న: పిల్లల్ని ఎగ్మోర్ మ్యూజియానికి తీసుకెళ్ళాం. తిమింగలం అస్థిపంజరం దగ్గర తప్ప ఎక్కడా ఆగలేదు, అరగంటకే ఆకలన్నారు. మాకూ నిజం చెప్పాలంటే అన్ని బొమ్మలూ ఒకేలా కనిపించాయి. ఎలా చూడాలి? (ఒక తల్లి, వేళచ్చేరి)

అన్నీ చూడాలనుకోవడమే పొరపాటు. పెళ్ళి భోజనంలో ఇరవై రకాలు వడ్డిస్తే ఏదీ రుచి తెలియదు చూడండి, అలా అన్నమాట. అది ఒక్క భవనం కూడా కాదు, ఒక ఆవరణలో ఎన్నో భవనాలు, ఏ ఒక్కదాన్ని సరిగా చూసినా పూట గడిచిపోతుంది. వెళ్ళేముందు ఇంట్లోనే మూడు వస్తువులు అనుకుని, ఆ మూడే చూసి, క్యాంటీన్లో ఏదైనా తినిపించి తీసుకొచ్చెయ్యండి.

మొదటిదిగా అమరావతి శిల్పాల్లోని నలగిరి ఏనుగు ఫలకం చూపించండి. గుండ్రంగా, నిండు పళ్ళెంలా ఉంటుంది. బుద్ధుడి మీదికి మదపుటేనుగుని ఉసిగొల్పిన కథ పిల్లలకి బస్సులోనే చెప్పెయ్యండి, అక్కడికి వెళ్ళాక "ఏనుగులు ఎన్ని ఉన్నాయో చెప్పు" అని అడగండి. రెండు అంటారు. కాదు, ఒక్కటే ఏనుగు! ఒక పక్క మనుషుల్ని తొక్కుతూ వీరంగం వేస్తున్నదీ అదే, ఇంకో పక్క బుద్ధుడి కాళ్ళ దగ్గర మోకరిల్లినదీ అదే. ముందు జరిగిందీ తర్వాత జరిగిందీ ఒకే గుండ్రంలో చెక్కేశాడు. మేడల మీంచి తొంగిచూసేవాళ్ళు, భయంతో ఒకర్నొకరు పట్టుకునేవాళ్ళు, అంతా మన వీధిలో గొడవైతే బాల్కనీల్లో కనిపించే జనమే. కామిక్ పుస్తకం చదివే పిల్లలకి ఇది మనకంటే తొందరగా అర్థమవుతుంది.

రెండోది కంచు గ్యాలరీలో తిరువెంగాడు అర్ధనారీశ్వరుడు. దాని ముందు పిల్లల్ని అదే భంగిమలో నిలబడమనండి, ఒక తుంటి ఇలా, ఒక భుజం అలా, ఎందుకు కుదరట్లేదో వాళ్ళే చెబుతారు. మూడోది వాళ్ళిష్టం, తిమింగలమే కానివ్వండి, తప్పేం లేదు.

లేబుళ్ళ గురించి మీరు ఉత్తరం చివర్లో రాసిన ఫిర్యాదు న్యాయమైనదే. "విష్ణువు, రాయి, 10వ శతాబ్దం" అని రాసి ఊరుకుంటే చూసేవాడికి ఏం దక్కుతుంది, విష్ణువని వాడికి శంఖచక్రాలు చూస్తేనే తెలుసు. చాలా లేబుళ్ళు మా వాళ్ళు మా వాళ్ళకోసం రాసుకున్నవి. నేనూ అలాంటివి వందల కొద్దీ రాశాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ప్రశ్న: మన అమరావతి శిల్పాలు సగం చెన్నైలో, సగం లండన్‌లో ఉన్నాయంటారు. తెల్లవాళ్ళు దోచుకుపోయినవి వెనక్కి తెచ్చి అమరావతిలోనే పెట్టాలని మా మిత్రబృందంలో పెద్ద వాదన. మీరేమంటారు? (ఒక పాఠకుడు, టి.నగర్)

దోపిడీ ఒక్కటే అయితే కథ సులువుగా ఉండేదండీ. మొదటి గునపం దెబ్బ మనదే.

ఆ దిబ్బని ఊళ్ళోవాళ్ళు దీపాలదిన్నె అనేవారు. 18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు చింతపల్లి నుంచి మారి అమరావతిలో కొత్త రాజధాని కట్టుకుంటూ, ఇటుకల కోసం రాళ్ళ కోసం దాన్ని తవ్వించారు. వాళ్ళకది బౌద్ధ స్తూపమని తెలియదు, చేతికందిన రాతిగని. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ సరిగ్గా ఆ రోజుల్లో వచ్చి చూశాడు, మళ్ళీ 1816లో మనుషుల్ని వెంటబెట్టుకొచ్చి మిగిలిన పలకలకి ఓపిగ్గా బొమ్మలు గీయించాడు. ఇవాళ కనిపించకుండా పోయిన కొన్ని పలకలు ఎలా ఉండేవో తెలుస్తోందంటే ఆ బొమ్మల పుణ్యమే. 1845లో వాల్టర్ ఎలియట్ అనే కంపెనీ అధికారి తవ్వించి రాళ్ళని మద్రాసు పంపించాడు. ఇక్కడ వాటిని నెత్తిన పెట్టుకున్నారా అంటే, ఏళ్ళ తరబడి ఎండకీ వానకీ వదిలేశారు. 1859లో 120కి పైగా పలకలు ఓడెక్కి లండన్ వెళ్ళాయి. అక్కడ మాత్రం ఏం భాగ్యం, గుర్రపుబండ్లు పెట్టే షెడ్డులో పడున్న వాటిని 1867లో ఫెర్గుసన్ అనే పండితుడు చూసి గోల చేస్తే గానీ వాటి గొప్ప ఎవరికీ తెలియలేదు. బ్రిటిష్ మ్యూజియం చేతికి వచ్చింది 1880లో. ఇప్పుడున్న, తేమ అదుపులో ఉండే అద్దాల గ్యాలరీ 1992లో వచ్చింది.

మద్రాసులో మిగిలినవాటికి, తర్వాత 1877లో సీవెల్, ఆ పైన బర్జెస్ తవ్వకాల్లో దొరికినవీ కలిశాయి. 19వ శతాబ్దం చివర్లో ఎగ్మోర్‌లో వాటిని ఎలా ప్రదర్శించారో తెలుసా? గోడలో పొదిగేసి సిమెంటుతో బిగించేశారు. అప్పటివాళ్ళ బుద్ధికి అది గట్టి పని, రాయి పడిపోదు, ఎవడూ ఎత్తుకుపోడు, వరసగా చక్కగా కనిపిస్తుంది. కానీ ఆ పల్నాటి సున్నపురాయి మెత్తనిది, సిమెంటులోని లవణాలు చెమ్మతో కలిసి రాతిలోకి పాకుతాయి, ఎండినప్పుడు పైపొరని పెచ్చులుగా లేపుతాయి. తీద్దామంటే రాయికంటే సిమెంటే గట్టిది. నా టేపు ముక్క కథే, కాకపోతే పెద్ద ఎత్తున.

ఇంకో నష్టం ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. అమరావతి పలకలు కొన్నిటికి రెండు వైపులా చెక్కడం ఉంటుంది. స్తూపాన్ని శతాబ్దాల పాటు మళ్ళీ మళ్ళీ కొత్తగా తీర్చారు కదా, పాత పలకని తిప్పి వెనకవైపు కొత్త శిల్పం చెక్కి వాడుకున్నారు. లండన్‌లో అలాంటి పలక ఒకటుంది. ఒకవైపు క్రీస్తుకి పూర్వపు చెక్కడం, బుద్ధుడి బొమ్మ ఉండదు, ఖాళీ సింహాసనమే బుద్ధుడు. రెండోవైపు మూడు వందల ఏళ్ళు దాటాక చెక్కిన స్తూపం, కిక్కిరిసిన శిల్పం. ఒక్క రాయి తిప్పితే శిల్పుల పనితనం ఎలా మారిందో మొత్తం తెలుస్తుంది. అదే రాయి గోడలో ఉంటే? ముందువైపు చూసి మురిసిపోవడం తప్ప వెనకేముందో మనకెలా తెలుస్తుంది! నేనెప్పుడు ఆ గోడల ముందు నిలబడ్డా వాటి వీపులే గుర్తొస్తాయి.

వెనక్కి తేవాలా అంటే, నన్నడిగితే, లండన్ మీద కేకలు వెయ్యడానికి నాకభ్యంతరం లేదు, కానీ మన చేతిలో ఉన్న చెన్నై రాళ్ళ సంగతి ముందు తేల్చాలి. అవి లండన్‌లో ఉన్నవాటికంటే ఎక్కువ, రైలెక్కితే ఒక్క రాత్రి దూరం. వాటికి సిమెంటు వదిలించి, ఉప్పు లాగేసి, రెండు వైపులా కనిపించేలా నిలబెట్టడం ఇవాళ చెయ్యగలిగిన పని. అమరావతికే పంపేద్దాం అంటే వినడానికి బాగుంటుంది, నాకూ ఇష్టమే. అయితే గోడలోంచి తీసే ప్రతి రాయికీ ప్రాణగండం ఉందని మీ మిత్రబృందానికి చెప్పండి. నాగార్జునసాగర్ కట్టేటప్పుడు మునిగిపోయే లోయలో 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికినవీ కట్టడాలూ కొండ మీదికి చేర్చి మ్యూజియం పెట్టారు కదా, తరలించడం అంటే అంత ఓపికా అంత ఖర్చూ అవసరం. లారీ మాట్లాడి గడ్డి పరిచేస్తే అయ్యే పని కాదు.

ప్రశ్న: మ్యూజియంలో కొన్ని గదులు చీకటిగా ఎందుకుంచుతారు? కరెంటు పొదుపా? ఫ్లాష్ కొడితే ఎందుకు అరుస్తారు? (ఆవడి)

పొదుపు కాదు బాబూ. బట్ట, కాగితం, తాటాకు, నీటిరంగుల బొమ్మ లాంటివాటికి 50 లక్స్ (వెలుతురుకి కొలత) మించకూడదని లెక్క. తైలవర్ణ చిత్రాలకి 200 దాకా ఫరవాలేదు, రాతికీ లోహానికీ ఆ బాధ లేదు. వెలుతురు చేసే నష్టం కూడుకుంటూ పోతుంది, దీపం ఆర్పినంత మాత్రాన పోయిన రంగు తిరిగి రాదు. పాత కలంకారీ బట్టల్లో ఆకులు నీలంగా ఉంటాయి గమనించావా, అది బొమ్మ వేసినవాడి చమత్కారం కాదు. నీలిమందు మీద పసుపురంగు వేసి ఆకుపచ్చ తెప్పించేవాళ్ళు, వెలుతురికి పసుపు ముందు ఎగిరిపోయి నీలం మిగిలింది. ఒక్క ఫ్లాష్‌తో కొంప మునగదు గానీ, వందమంది కొడుతుంటే పక్కవాళ్ళు ఏం చూస్తారు? అరుపు ఎక్కువగా అందుకే.

ప్రశ్న: మా తాతగారి పెట్టెలో తాటాకు గ్రంథాలు ఒక కట్ట, జానెడు ఎత్తు కంచు వేణుగోపాలస్వామి విగ్రహం ఉన్నాయి. నాకు 74 ఏళ్ళు, పిల్లలు అమెరికాలో. వాళ్ళకి పంపనా, మ్యూజియానికి ఇవ్వనా? ఇస్తే మా తాతగారి పేరుతో ప్రదర్శిస్తారా? (షావుకారుపేట)

అయ్యా, ముందు విగ్రహం. అమెరికా మాట మరిచిపోండి. 1972 చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన విగ్రహం పురావస్తువు, ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. మీవాళ్ళెవరైనా సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టుకుని వెళతామంటే ఒప్పుకోకండి, ఎయిర్‌పోర్టులో పట్టుకుంటే పరువూ పోతుంది స్వామీ పోతాడు. ఇంట్లో ఉంచుకోవడం నేరం కాదు, కానీ ఆర్కియాలజీ శాఖలో నమోదు చేయించాలి. ఫొటోలు తీసి, ఎత్తూ బరువూ ఎలా వచ్చిందో రాసి దరఖాస్తు పెట్టండి. వందేళ్ళు కాలేదని తేలితే అదీ రాతపూర్వకంగా తీసుకోండి, రేపు మీ పిల్లలకి పనికొస్తుంది. (ఇదే విగ్రహం పెరట్లో తవ్వుతుంటే దొరికి ఉంటే కథ వేరు. 1878 నాటి చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన ఏ నిక్షేపమైనా కలెక్టరుకి చెప్పాల్సిందే. ఎగ్మోర్ కంచు విగ్రహాల్లో చాలా భాగం అలా పొలాల్లో నాగలికి తగిలి వచ్చినవే.)

తాటాకుల సంగతి. గ్రంథాలకి 75 ఏళ్ళు దాటితే చాలు, పురావస్తువు కిందే లెక్క. దయచేసి వాటిని లామినేషన్ చేయించకండి, తడిగుడ్డతో తుడవకండి, నాఫ్తలిన్ ఉండలు పోయకండి. మెత్తని బ్రష్షుతో దుమ్ము దులిపి, ఆకుల కంటే కొంచెం పెద్దవైన చెక్కపలకల మధ్య పెట్టి, ఉతికిన తెల్లని నూలుబట్టలో చుట్టండి. ఎర్రబట్ట ఆచారమే గానీ మన ఊరి చెమ్మకి రంగు దిగే ప్రమాదముంది. వస కొమ్ము ముక్క ఒకటి పక్కన పెడితే పురుగు రాదని మన పెద్దల పద్ధతి, దానికి అడ్డు చెప్పను. ఆకులు పెళుసెక్కితే నిమ్మగడ్డి నూనె పూస్తారు, అక్షరాలు కనిపించకపోతే మళ్ళీ మసి పట్టిస్తారు, ఆ రెండూ తెలిసినవాళ్ళ చేతే చేయించాలి.

గ్రంథాలకి మ్యూజియం కంటే మన ప్రాచ్యలిఖిత పుస్తకాలయం మంచి చోటు. 1869 నుంచీ ఉంది, బ్రౌన్ దొర పోగుచేసిన తెలుగు గ్రంథాలూ మెకంజీ సేకరణా అక్కడికే చేరాయి, మీ తాతగారి కట్ట అక్కడుంటే మంచి చుట్టాల మధ్య ఉన్నట్టే. ఇవ్వబోయేముందు మొదటి ఆకూ చివరి ఆకూ ఫొటో తీయించి చూపించండి, చివరి ఆకులో రాసినవాడి పేరూ ఊరూ ఏడూ ఉండటం కద్దు, అవే ముందు చూస్తారు.

పేరుతో ప్రదర్శన అడిగారు. మనసు నొచ్చుకోకండి, ఏ మంచి మ్యూజియమూ "ఎప్పటికీ బయటే పెడతాం" అని రాసివ్వదు, ఇస్తే అనుమానించాలి. చాలావాటిలో ఎక్కువ వస్తువులు స్టోర్లోనే ఉంటాయి, ఎక్కువ ఏళ్ళు చీకట్లో ఉంటేనే ఎక్కువ ఏళ్ళు బతుకుతాయి. దానపత్రం రాయించుకుని, రిజిస్టర్లో మీ తాతగారి పేరు సరిగ్గా పడిందో లేదో మీ కళ్ళతో చూసి, ఆ నంబరు రాసుకుని రండి. గోడ మీది పేరు రంగులేసినప్పుడు పోతుంది, రిజిస్టర్లో పేరు పోదు.

ప్రశ్న: మా తెలుగు సంఘం హాల్లో ఒక గది ఖాళీగా ఉంది. సభ్యుల ఇళ్ళలోని పాత సామాన్లు తెచ్చి చిన్న మ్యూజియంలా పెడదామని ఉత్సాహం. ఇప్పటికే రోళ్ళు, తిరగలి, మరచెంబులు, సేర్లు సోలలు, గ్రామఫోను పోగయ్యాయి. ఎలా అమర్చాలి? (సంఘం కార్యదర్శి, అంబత్తూరు)

మొదట, ఇంకేమీ తీసుకోకండి! ఆపెయ్యండి. మీ సభ్యులు అటకలు ఖాళీ చేసుకుంటున్నారు, అంతే. నాలుగు నెలలకి మీకు పన్నెండు రోళ్ళూ ముప్ఫై మరచెంబులూ తేలతాయి, గది గోడౌన్ అవుతుంది.

ఒక్క సంగతి ఎంచుకోండి. వంటిల్లు అనుకోండి, లేదా మన వాళ్ళు మద్రాసు ఎలా వచ్చారు అనుకోండి. రెండోది నాకు నచ్చుతుంది, ఎందుకంటే మొదటిది హైదరాబాద్ హోటళ్ళలో కూడా పెడుతున్నారు. ఎవరు ఏ ఏడు ఏ ఊరి నుంచి ఏ పని మీద వచ్చారు, రైల్లో ఏం తెచ్చుకున్నారు, ఏది వదిలేశారు. అప్పుడు మరచెంబు ప్రయాణంలో నీళ్ళు తెచ్చిన చెంబు అవుతుంది, అలమార్లో అలంకారంగా మిగలదు. ఇచ్చినవాళ్ళ చేత ఆ వస్తువు గురించి ఐదు నిమిషాలు ఫోన్లో మాట్లాడించి రికార్డు చెయ్యండి, ఇది ఇవాళే మొదలుపెట్టండి, వస్తువులు ఆగుతాయి, ముసలివాళ్ళు ఆగరు.

దక్షిణచిత్రకి మీ కమిటీ ఒక ఆదివారం వెళ్ళి రండి. 1996లో తెరిచారు, దక్షిణాది రాష్ట్రాల ఇళ్ళు ఎక్కడివక్కడ విప్పి, ముక్కముక్కా తెచ్చి మళ్ళీ కట్టినవి చాలా ఉన్నాయి. తెలుగు ఇళ్ళల్లో నల్గొండ ప్రాంతపు చేనేతకారుల ఇల్లు, కోస్తా చుట్టిల్లు చూడండి. చుట్టిల్లు గుండ్రంగా, కప్పు కిందికి దిగి ఉండటానికి కారణం తుపాను గాలి, దానికి పట్టుకోవడానికి మూల దొరకదు. ఆ సంగతి లోపల నిలబడి తల వంచి బయటికొస్తే ఒంటికే తెలుస్తుంది.

సేర్లు సోలల్ని అద్దాల బీరువాలో పెట్టి తాళం వెయ్యకండి. అసలువి ఒక సెట్టు బీరువాలో ఉంచి, మామూలు రకానివి ఇంకో సెట్టు బల్ల మీద పెట్టి పక్కన బియ్యం బస్తా పెట్టండి. గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచం, ఏది ఎన్నిటికి సమానమో పిల్లలే కొలిచి కనుక్కోవాలి. బియ్యం కింద పోస్తారని మీ కోశాధికారి గొడవ చేస్తారు, చెయ్యనివ్వండి.

బీరువాలో వస్తువు నడుమ భాగం నేలకి ఐదడుగుల ఎత్తు దగ్గర ఉంటే పెద్దలకి హాయి, పిల్లలకోసం ఒక వరస కిందికి దింపండి. కిటికీ ఎండ ఫొటోల మీద పడకూడదు, ఒరిజినల్ ఫొటోలు పెట్టకండి, కాపీలు తీయించి వాటినే తగిలించండి. ట్యూబులైటు బీరువా లోపల వద్దు, వేడెక్కుతుంది. ఇత్తడి తళతళా తోమించాలని ఎవరో ఒకరు బయల్దేరతారు, ఆపండి, అడుగున ఎక్కించిన పేర్లు అరిగిపోతాయి. మన వాళ్ళు గిన్నెల మీద పేర్లు కొట్టించుకుంటారు కదా, మీ గదిలో అన్నిటికంటే మంచి లేబుళ్ళు అవే, ఒక అద్దం ముక్క కింద పెట్టి అడుగు కనిపించేలా అమర్చండి.

మీరు రాసేవి అరవై డెబ్బై మాటలు మించకుండా, తెలుగులో, తమిళంలో రాయండి, పక్కింటి తమిళులు కూడా వస్తారు. "రాతి తిరగలి, పాతది" అని రాయద్దు. "నెల్లూరు నుంచి బండి మీద వచ్చింది. పైరాయి పిడి రెండుసార్లు మార్చారు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని తిప్పేవారు, ఒకరు పాడితే ఒకరు పిండి తోసేవారు" అని, ఇచ్చినవాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాయండి. తిరగలిని మాత్రం నేల మీదే పెట్టండి, స్టూలెక్కి కూర్చున్న తిరగలిని నేనింతవరకూ ఏ ఇంట్లోనూ చూడలేదు.